మార్కుల కబురే కాదు, పాఠం కబురు కూడా



మన స్కూలు నుంచి మీ ఫోన్‌కి వచ్చిన మెసేజీలు ఒకసారి వెనక్కి జరిపి చూడండి. ఫీజు గడువు, స్లిప్ టెస్టు మార్కులు, రేపు సెలవు, బస్సు పావుగంట ఆలస్యం, శనివారం తెల్ల యూనిఫాం. అన్నీ అవసరమైనవే. అయితే మీ అబ్బాయో అమ్మాయో ఈ వారం క్లాసులో ఏం నేర్చుకున్నారో చెప్పే మెసేజీలు వాటిలో ఎన్ని ఉన్నాయి? చాలామంది ఫోన్లలో ఒక్కటి కూడా కనిపించదు.

సాయంత్రం బ్యాగు దించగానే మీరు "ఈరోజు ఏం చెప్పారు?" అని అడుగుతారు. "ఏం లేదు" అని జవాబు వస్తుంది. బిడ్డ దాచిపెట్టి అలా అనడం లేదు. ప్రశ్న మరీ పెద్దది, అంతే. ఏడెనిమిది పీరియడ్ల రోజును ఒక్క మాటలో చెప్పమంటే పెద్దవాళ్లం మనమైనా చెప్పలేం. "ఈరోజు డ్యూటీలో ఏం జరిగింది?" అని ఇంట్లో అడిగితే మనమూ "ఏముంటుంది, రోజూ ఉండేదే" అంటాం కదా. అదే "వెలుగుతున్న కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లించారట, ఆరిపోయిందట, ఎందుకని?" అని అడిగి చూడండి. టిఫిన్ తింటూనే మొత్తం చెప్పేస్తారు. అలాంటి ప్రశ్న అడగాలంటే ఆ సంగతి మీకు ముందే తెలియాలి. దాన్ని మీకు తెలియజేయాల్సింది బడి.

ఈ నెల వ్యాసం దాని గురించే. బడి నుంచి ఇంటికి పాఠం కబురు ఎలా రావాలి, ఇంటి నుంచి బడికి ఏ కబురు పోవాలి, దానివల్ల మీ బిడ్డ చదువుకు ఏం మేలు అన్నది చూద్దాం.

ఇప్పుడు మన మధ్య నడుస్తున్నది

బడికీ ఇంటికీ మధ్య ఇప్పుడు మూడు దారులున్నాయి. డైరీ, ప్రోగ్రెస్ కార్డు, పేరెంట్స్ మీటింగ్.

డైరీలో "పేజీ 42 చదవాలి, 3 నుంచి 6 లెక్కలు చేయాలి" అని ఇంగ్లీషులో ఉంటుంది. అది పని చెబుతుంది కానీ పాఠం ఏమిటో చెప్పదు. చాలా ఇళ్లలో ఆ పేజీ కింద సంతకం చేయడంతోనే అమ్మ పని అయిపోతుంది. ప్రోగ్రెస్ కార్డు వచ్చేసరికి పరీక్ష అయిపోయి ఉంటుంది. 100కి 58 వచ్చాయని తెలుస్తుంది గాని, పోయిన 42 ఎక్కడ పోయాయో, ఏ వారం నుంచి పాఠం అర్థం కావడం మానేసిందో తెలియదు. ఇక పేరెంట్స్ మీటింగు. వరసలో నిలబడి, మీ వంతు వచ్చాక ఐదు నిమిషాలు. "ఇంకాస్త చదివించండి", "అల్లరి తగ్గాలి" అని మేము చెబుతాం. "అలాగే మేడమ్" అని మీరంటారు. పక్కన ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, మనసులో ఉన్న ప్రశ్న అడగకుండానే వెళ్లిపోయే తల్లులు ప్రతి మీటింగులోనూ కనిపిస్తారు.

ఈ మూడింటిలోనూ మాట చాలావరకు ఒకవైపు నుంచే వస్తోంది. చెప్పేది బడి, వినేది ఇల్లు.

చట్టం మాత్రం ఇంతకంటే ఎక్కువే ఆశిస్తోంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, 24వ సెక్షన్‌లో ఉపాధ్యాయుల విధులను చెప్పింది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశం కావడం, పిల్లల హాజరు, నేర్చుకునే సామర్థ్యం, సాధించిన ప్రగతి గురించి వారికి తెలియజేయడం ఆ విధుల్లో ఒకటి. అంటే పాఠం కబురు అడగడం మీ హక్కు. చెప్పడం మా ఉద్యోగంలో భాగం.

ఇదే చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది మహిళలు కావాలి. మనలాంటి ప్రైవేటు అన్‌ఎయిడెడ్ బడులకు ఈ నిబంధన వర్తించదు. కాబట్టి ఇక్కడ బడికీ ఇంటికీ మధ్య దారిని మనకు మనమే వేసుకోవాలి.

మన రాష్ట్రంలో ప్రభుత్వ బడులు ఈ విషయంలో ఈమధ్య పెద్ద అడుగే వేశాయి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. ముఖ్యమంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూల్లో తల్లిదండ్రులతో కలిసి కూర్చున్నారు. 2025 జూలై 10న రెండోసారి జరిగినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు బడికి వెళ్లారు. బడి గేటు దాకా వచ్చి ఆగిపోయే అమ్మానాన్నలు ఆ రోజు లోపలికి వచ్చారు, పిల్లల పక్కన కూర్చున్నారు. అది మంచి పండగ. అయితే పండగ ఏడాదికి ఒకటో రెండో సార్లు వస్తుంది. బిడ్డ బడికి రోజూ వెళుతుంది. మనకు వారం వారం నడిచే చిన్న దారి కూడా కావాలి.

వారానికి ఒక్క వాక్యం చాలా?

ఇంత చిన్న పనితో నిజంగా ఫలితం ఉంటుందా అని మీకు సందేహం రావచ్చు. అమెరికాలో మాథ్యూ క్రాఫ్ట్, టాడ్ రోజర్స్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. వాళ్ల అధ్యయనం 2015లో అచ్చయింది. పరీక్ష తప్పిన హైస్కూలు పిల్లలు వేసవి సెలవుల్లో మళ్లీ చదువుకునే ఒక కార్యక్రమంలో ఈ ప్రయోగం చేశారు. కొందరు తల్లిదండ్రులకు మామూలుగా ఏమీ పంపలేదు. మిగతావారికి టీచర్ వారానికి ఒక్క వాక్యం పంపారు. అది అందరికీ ఒకేలా పంపే మెసేజీ కాదు, వాళ్ల బిడ్డ గురించే రాసిన వాక్యం.

మెసేజీ అందని పిల్లల్లో 15.8 శాతం మంది కోర్సు గట్టెక్కలేకపోయారు. మెసేజీ అందినవారిలో అది 9.3 శాతానికి తగ్గింది. ఇంకో విశేషం ఉంది. "మీ బిడ్డ బాగా చేస్తోంది" అనే మెసేజీ కన్నా "ఫలానా చోట ఇలా చేస్తే ఇంకా బాగుంటుంది" అనే మెసేజీ ఎక్కువ పని చేసింది. కారణం ఊహించడం కష్టం కాదు. మొదటి మెసేజీ చదివి సంతోషిస్తాం, ఫోన్ పక్కన పెడతాం. రెండోది చదివితే బిడ్డతో ఏం మాట్లాడాలో తెలుస్తుంది.

వేరే దేశం, పెద్ద తరగతి పిల్లలు. మన దగ్గరా అంకెలు అచ్చంగా అలాగే వస్తాయని చెప్పలేం. కానీ అందులోని కిటుకు ఎక్కడైనా ఒకటే. ఆ ఒక్క వాక్యం వల్ల ఇంట్లో అమ్మానాన్నలు, పిల్లలు మాట్లాడుకునే మాటలు మారాయి.

పిల్లలే రాస్తే

"నలభై మంది పిల్లలకు ప్రతి వారం విడివిడిగా రాయడం టీచర్‌కి సాధ్యమా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దీనికి ఒక పాత దారి ఉంది. కబురు పిల్లలే రాయడం.

వందేళ్ల కిందట ఫ్రాన్స్ దక్షిణాన బార్ సుర్ లూ అనే చిన్న ఊళ్లో సెలెస్టిన్ ఫ్రెనే అనే ఉపాధ్యాయుడు ఉండేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమైంది. గంటల తరబడి గట్టిగా పాఠం చెప్పే ఓపిక లేదు. పిల్లల్ని బయటికి తీసుకెళ్లేవారు. పొలాలు, ఊళ్లో చేతిపనులు చూపించి, తిరిగొచ్చాక చూసింది రాయమనేవారు. 1924లో తరగతిలోకి ఒక చిన్న అచ్చు యంత్రం తెచ్చారు. పిల్లలు తాము రాసింది తామే అక్షరాలు పేర్చి అచ్చు వేశారు. రెండేళ్లకు దేశం రెండో కొసనున్న బ్రిటనీ ప్రాంతపు బడితో అచ్చుకాగితాలు ఇచ్చిపుచ్చుకోవడం మొదలైంది. టీచర్ దిద్దిపెట్టే నోటుబుక్కులో రాయడం వేరు, మన ఊరివాళ్లూ పక్క ఊరివాళ్లూ చదువుతారని తెలిసి రాయడం వేరు. చదివేవారు నిజంగా ఉన్నారని తెలిస్తే, పిల్లలు అచ్చుతప్పులు వాళ్లంతట వాళ్లే వెతుక్కుంటారు.

ఇలాంటి పని మన తెలుగులోనూ జరిగింది. అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గరి ప్రకృతి బడి నుంచి 2008లో "కొత్తపల్లి" అనే పిల్లల మాసపత్రిక మొదలైంది. పల్లెటూరి బడి పిల్లలు రాసిన కథలు, ఇంట్లో తాత, అవ్వ చెప్పగా విని రాసుకొచ్చిన కథలు అందులో వచ్చాయి. అచ్చులోనూ, ఇంటర్నెట్‌లోనూ ఎక్కడెక్కడి తెలుగువారో చదివారు. అవ్వ చెప్పిన కథ అచ్చులో చూసుకున్న బిడ్డకు బడి అంటే ఏమనిపిస్తుందో, ఆ అవ్వకు ఏమనిపిస్తుందో మీరే ఊహించుకోండి.

మాకు అచ్చు యంత్రం అక్కర్లేదు. అరపేజీ కాగితం, ఒక ఫోన్ చాలు.

తరగతి ఉత్తరం

మన బ్రాంచిలో మొదలుపెట్టాలనుకుంటున్న పనికి "తరగతి ఉత్తరం" అని పేరు పెట్టుకుందాం. ప్రతి శనివారం ప్రతి సెక్షన్ నుంచి అరపేజీ ఉత్తరం వస్తుంది. వంతులవారీగా నలుగురు పిల్లలు కలిసి రాస్తారు. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. టీచర్ చదివి, అర్థం కాని చోట మాత్రం సరిచేస్తారు. చిన్న తరగతుల్లో పిల్లలు చెబుతుంటే టీచర్ రాస్తారు. ఉత్తరంలో మూడే భాగాలు: ఈ వారం నేర్చుకున్నది, కష్టమనిపించింది, ఇంట్లో అడగాల్సిన ఒక ప్రశ్న.

ఏడో తరగతి నుంచి వచ్చే ఉత్తరం ఇలా ఉండవచ్చు.

"ఈ వారం సైన్సులో ఆమ్లాలు, క్షారాలు చదివాం. నిమ్మరసంలో నీలి లిట్మస్ కాగితం ఎర్రగా మారింది. సున్నపు తేటలో ఎర్ర కాగితం నీలంగా మారింది. పసుపు రాసిన కాగితం మీద సబ్బునీళ్లు వేస్తే ఎర్రబడింది. లెక్కల్లో శాతాలు చేశాం. ఒకచోట అందరం చిక్కుకున్నాం. 100 రూపాయల వస్తువు ధర 20 శాతం తగ్గించి, మళ్లీ 20 శాతం పెంచితే 100 రావాలి కదా? రాలేదు, 96 వచ్చింది. ఎందుకో ఇంకా కొంతమందికి అర్థం కాలేదు. ఇంట్లో అడగాల్సిన ప్రశ్న: బెల్లం వండేటప్పుడు చెరకు రసంలో సున్నం ఎందుకు వేస్తారు?"

ఈ ఉత్తరం వడ్డాది చుట్టుపక్కల ఏ ఇంటికి చేరినా ఎవరో ఒకరి దగ్గర జవాబు ఉంటుంది. ఇది చెరకు పండే ప్రాంతం. అటు గోవాడలో చక్కెర ఫ్యాక్టరీ, ఇటు అనకాపల్లిలో బెల్లం మార్కెట్. బెల్లం వండిన తాతను అడిగితే "సున్నం వేస్తే మడ్డి తేలుతుంది, దిమ్మ గట్టిగా కడుతుంది, ఎక్కువైతే బెల్లం నల్లబడుతుంది" అంటాడు. సైన్సు పుస్తకం భాషలో అదే మాట ఇలా ఉంటుంది. చెరకు రసానికి కాస్త ఆమ్ల గుణం ఉంటుంది. ఆ ఆమ్లం ఉండగా మరిగిస్తే రసంలోని సుక్రోజ్ విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారుతుంది, బెల్లం సరిగా గట్టిపడదు. సున్నం క్షారం కాబట్టి ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది, మలినాలు ముద్దకట్టి పైకి తేలడానికి సాయపడుతుంది. తాత చెప్పిందీ పుస్తకం చెప్పిందీ ఒకటే సంగతి. బిడ్డకు ఆ రెండూ కలిసినచోట పాఠం గట్టిగా పడుతుంది.

పసుపు సంగతీ అంతే. దిష్టి తీయడానికి మామ్మ పసుపునీళ్లలో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేస్తుంది. ల్యాబులో మేము చేయించే సూచికల ప్రయోగం అదే. శాతాల లెక్కకూ ఇంట్లోనే ఉదాహరణ దొరుకుతుంది. టన్ను చెరకుకు సుమారు వంద కిలోల బెల్లం వస్తుంది. అది ఎంత శాతం? బిడ్డ నోటితో పది శాతం అని వచ్చాక, "మరి మిగతా తొంభై శాతం ఎటు పోయింది?" అని అడగండి. పిప్పి, ఆవిరి, మడ్డి అన్నీ లెక్కలోకి వస్తాయి. మన అనకాపల్లిలో 1913లోనే చెరకు పరిశోధన కేంద్రం పెట్టారంటే, ఈ పంట వెనక ఎంత సైన్సు ఉందో ఆలోచించండి.

ఇంటి నుంచి బడికి

ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమని నేను అనుకునే మాట ఇక్కడ చెబుతాను. బడి ఇంటికి కబురు పంపడం సగం పనే. మీరు తిరిగి కబురు పంపినప్పుడే అది పూర్తవుతుంది.

ఇంగ్లీషు మీడియంలో చదువుతున్న కొందరు పిల్లల్లో ఒక మార్పు మెల్లగా వస్తుంది. నాలుగో తరగతి దాకా అన్నీ అమ్మను అడిగిన బిడ్డ, ఆ తర్వాత "మా అమ్మకేం తెలీదు టీచర్" అనడం మొదలుపెడుతుంది. మీటింగుకి అమ్మ వద్దు, నాన్నే రావాలంటుంది, లేదా చదువుకున్న బాబాయి రావాలంటుంది. ఆ బిడ్డ చెడ్డది కాదు. బడిలో విలువ ఉన్న మాటలన్నీ ఇంగ్లీషులోనే వినబడుతున్నాయి, అమ్మ మాటలు తెలుగులో ఉన్నాయి. కాబట్టి అమ్మకు తెలిసింది చదువు కాదని తనకు తానే అనుకుంటోంది. ఫీజు కోసం మీరు పడే కష్టం బిడ్డను మీ నుంచి దూరం చేయడానికి కాదు కదా. దీన్ని ఆపగలిగేది బడే. మీకు తెలిసింది తరగతిలోకి వచ్చి, టీచర్ దాన్ని బోర్డు మీద రాస్తే, ఆ బిడ్డ అభిప్రాయం మారుతుంది.

దీనికీ ఒక మంచి ఉదాహరణ ఉంది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో లూయిస్ మోల్, ఆయన సహచరులు మెక్సికో నుంచి వచ్చిన శ్రామిక కుటుంబాల మీద పనిచేశారు. వాళ్ల వ్యాసం 1992లో వచ్చింది. టీచర్లు పిల్లల ఇళ్లకు వెళ్లారు. ఫిర్యాదు చేయడానికి కాదు, ఆ ఇంట్లోవాళ్లకు ఏమేం తెలుసో నేర్చుకోవడానికి. వ్యవసాయం, ఇల్లు కట్టడం, మందు మూలికలు, వ్యాపారం, ఇలా ప్రతి ఇంట్లోనూ ఎంతో పరిజ్ఞానం కనబడింది. ఒక పిల్లవాడు మెక్సికో నుంచి తెచ్చిన మిఠాయిలు ఇరుగుపొరుగున అమ్ముతున్నాడని టీచర్‌కి తెలిసింది. దాన్నే పాఠంగా మార్చారు. పిల్లలు మిఠాయిల్లో ఏమేం పదార్థాలు ఉంటాయో పరిశోధించారు. ఒక తల్లి తరగతికి వచ్చి మిఠాయి చేసి చూపించింది. పిల్లలకు ఆ రోజు టీచర్ ఆమే.

ఇది చదివితే మనకు గుర్తుకొచ్చేది మాడుగుల హల్వా. గోధుమ పాలు ఎలా తీస్తారు, ఎందుకు పులియనిస్తారు, పాకం ఎంతసేపు కలపాలి, చక్కెర ఎక్కువ ఉన్న పదార్థం ఎందుకు తొందరగా పాడవదు? ఇవన్నీ పాఠాలే. మీలో బెల్లం వండేవారు, పాల లెక్క చూసేవారు, తాపీ పని చేసేవారు, మోటార్లు వైండింగ్ చేసేవారు, బట్టలు కుట్టేవారు, పరవాడ కంపెనీల్లో పనిచేసేవారు ఉన్నారు. తాపీమేస్త్రి మూలమట్టం పెట్టి గోడ చూసే పద్ధతి లంబకోణం పాఠం. టైలరింగ్ చేసే అమ్మ జాకెట్టు గుడ్డ మిగలకుండా కత్తిరించే తీరు వైశాల్యం పాఠం. అవి తరగతికి రావాలి.

"నాకు ఇంగ్లీషు రాదు" అన్న మొహమాటం ఇక్కడ అవసరం లేదు. జవాబు తెలుగులోనే ఇవ్వండి. జాతీయ విద్యావిధానం 2020 కనీసం ఐదో తరగతి దాకా, వీలైతే ఎనిమిది దాకా, సాధ్యమైన చోట ఇంటి భాషలో బోధించమని సూచించింది. మన రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు 2020-21 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వచ్చాయి. తెలుగులో అర్థమైన సంగతికి ఇంగ్లీషు మాట నేర్చుకోవడం సులువు. అర్థం కాని సంగతికి ఏ భాషలో మాట నేర్చినా బట్టీయే అవుతుంది. ఇంగ్లీషు నేర్పే టీచర్‌గా ఈ మాట పూర్తి నమ్మకంతో చెబుతున్నాను.

కొన్ని జాగ్రత్తలు

తరగతి ఉత్తరం వల్ల ఏ బిడ్డకూ చిన్నతనం కలగకూడదు. అందుకే కొన్ని నియమాలు ముందే అనుకున్నాం.

ఉత్తరంలో మార్కులు, ర్యాంకులు ఉండవు. ఎవరికి అర్థం కాలేదో పేరు ఉండదు. "కొంతమందికి" అన్న మాటే ఉంటుంది. ఫీజు సంగతులు ఆ ఉత్తరంలో కలపం.

పిల్లల ఫొటోలు మీ అనుమతి లేకుండా పంపం. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. మీరు కూడా వేరే పిల్లలున్న ఫొటోలను స్టేటస్‌లో పెట్టవద్దు, బయటి గ్రూపులకు పంపవద్దు. పిల్లలు గీసిన బొమ్మ, వాళ్ల చేతిరాత, చేసిన ప్రయోగం ఫొటోకు చాలు.

ఒక బిడ్డకు సంబంధించిన ఇబ్బంది ఏదైనా, అది చదువైనా, ఆరోగ్యమైనా, ఇంటి పరిస్థితైనా, గ్రూపులో మాట్లాడుకోం. అలాంటివి టీచర్‌తో ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. తరగతి ఉత్తరం పేరెంట్స్ మీటింగుకి బదులు కాదు. మీటింగులోని ఐదు నిమిషాలూ అసలు విషయానికి ఉపయోగపడేలా చేసే సాధనం అది. ప్రతి వారం ఉత్తరం చదివిన తల్లి "శాతాలు మా వాడికి ఇంకా పట్టుబడలేదు మేడమ్, ఏం చేద్దాం?" అని నేరుగా అడగగలదు.

ఉత్తరం ఎవరి ఫోన్‌కి వస్తుందన్నదీ ముఖ్యమే. చాలా ఇళ్లలో స్కూల్లో ఇచ్చిన నంబరు నాన్నది. ఆయన ఫోన్ ఆయనతోపాటే గాజువాకకో, పరవాడకో వెళ్లిపోతుంది. మెసేజీ అమ్మ చూసేసరికి రాత్రవుతుంది, లేదా చూడనే చూడదు. అందుకే ఇంటికి రెండు నంబర్లు తీసుకుంటాం. చదవడం కష్టమనుకునే పెద్దవాళ్లుంటే పిల్లల గొంతుతో రెండు నిమిషాల వాయిస్ మెసేజీ పంపుతాం. ఫోన్ లేని ఇంటికి కాగితం మీద రాసిన ప్రతి డైరీలో అంటించి వస్తుంది. నాన్న హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో ఉంటే మీరే ఆయనకు పంపండి. వీడియో కాల్‌లో "బాగా చదువుతున్నావా?" అనే ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయే నాన్నకు ఆ వారం అడగడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

మీరు చేయాల్సింది

వారానికి పది నిమిషాలు చాలు.

1. శనివారం సాయంత్రం ఉత్తరాన్ని బిడ్డ చేత చదివించుకుని వినండి. తెలుగు పక్క మీరు చదవండి, ఇంగ్లీషు పక్క బిడ్డ చదవాలి.

2. ఒక్క సంగతి ఎంచుకుని అడగండి. "ఎందుకు?", "ఎలా తెలిసింది?", "చూపించు" అనే మాటలు వాడండి. "ఎన్ని మార్కులు?" అన్న ప్రశ్న ఆ పది నిమిషాలూ పక్కన పెట్టండి.

3. బిడ్డ తప్పు చెప్పినా వెంటనే దిద్దవద్దు. "టీచర్‌ని మళ్లీ అడిగి నాకు చెప్పు" అనండి. మీకూ తెలియకపోతే ఆ మాట ఒప్పుకోండి. పెద్దవాళ్లు కూడా నేర్చుకుంటారని బిడ్డ చూస్తుంది.

4. "ఇంట్లో అడగాల్సిన ప్రశ్న"కు జవాబు పంపండి. రెండు వాక్యాలైనా, నిమిషం వాయిస్ మెసేజీ అయినా సరే. తాత చెప్పిందైతే ఆయన పేరు చెప్పే పంపండి. సోమవారం మొదటి పీరియడ్‌లో వచ్చిన జవాబులు తరగతిలో వినిపిస్తాం.

5. ఉత్తరంలో మీకు అర్థం కానిది ఏదైనా ఉంటే, మేము రాసిన తీరు బాగోలేకపోతే, అదీ చెప్పండి.

మొదటి తరగతి ఉత్తరం వచ్చే శనివారం మీకు అందుతుంది. ఈ సంచికతోపాటు పిల్లల డైరీలో ఒక చిన్న స్లిప్ పంపాం. అందులో ఇంటికి రెండు ఫోన్ నంబర్లు, ఉత్తరం ఫోన్‌కి కావాలో కాగితం మీద కావాలో, ఫొటోలకు మీ అనుమతి ఉందో లేదో, మీ ఇంట్లో ఎవరికి ఏ పని వచ్చో రాయడానికి జాగా ఉంది. చివరి గడి ఖాళీగా వదలకండి. "ఏ పనీ రాదు" అని మాత్రం రాయవద్దు, అది నిజం కాదని మాకు తెలుసు. నింపిన స్లిప్‌ని బుధవారంలోగా క్లాస్ టీచర్‌కి పంపండి.